కలక నీళ్ళలో ముందు మనిషి

మా మనవరాలికి ఇంగ్లీషు పుస్తకంలో ఏదైనా మాట అడ్డం పడితే నన్ను అడగదు, ఫోనును అడుగుతుంది. నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్నని దానికి తెలుసు. అయినా ఫోనంటేనే గురి. మొన్న ఆదివారం చిల్లకూరులో మా అమ్మాయి ఇంటి వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అది పక్కనే బోర్లా పడుకుని చదువుకుంటూ ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది.

"అమ్మమ్మా, మడిల్ అంటే ఏందో తెలుసా?"

"గందరగోళం. అంతా కలగాపులగం కావడం," అన్నాను, తెలిసిన ప్రశ్న వచ్చిన ఉత్సాహంతో.

"అది ఇప్పుడు. అసలు ఎట్ట పుట్టిందో చూడు. వెనకటి రోజుల్లో డచ్చివాళ్ళ భాషలో బురదలో చేతులు పెట్టి కెలకడాన్ని అట్టాంటి మాటతోనే అనేవాళ్ళంట. ఇంగ్లీషులోకి వచ్చినాక బురదలో పొర్లడం, నీళ్ళు బురద చెయ్యడం అయిందంట. తర్వాత తాగినోడి బుర్ర మబ్బు పట్టడం. ఆఖరికి గందరగోళం!"

చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టాను. మా పులికాట్ సరస్సు దక్షిణపు కొసన డచ్చివాళ్ళు ఒకప్పుడు కోట కట్టుకుని కాపురం ఉన్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. "అయితే బురదలో రొయ్యలు తడిమే మా ఊరి ఆడవాళ్ళను చూసే ఆ మాట పట్టుకుపోయినారేమోనే," అన్నాను. అది మళ్ళీ ఫోను చూసి, కాదు, వాళ్ళు ఇటు రాకముందే ఆ మాట ఉందని తేల్చేసింది. నా గాలి తీయడంలో దాని తరువాతే ఎవరైనా.

పోనీ మాట వాళ్ళదే కానీ. ఆ అర్థం మటుకు నాకు మింగుడు పడలేదు. బురదలో చేతులు పెట్టి కెలికేవాళ్ళకు గందరగోళం ఉంటుందని ఎవరు చెప్పారు? అది ఒడ్డున నిలబడి చూసినవాళ్ళు పెట్టిన అర్థం. బురదలో దిగినవాళ్ళు ఎట్లా ఉంటారో నేను చూశాను. ఒక శీతకాలమంతా వాళ్ళ మధ్యే తిరిగాను. నేను చేసిన పాడుపని ఒకటి ఆ శీతకాలంలోనే ఉంది. అది మా అమ్మాయికి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

మా ఊరు సరస్సు ఒడ్డునే. వాకిట్లో నిలబడితే నీళ్ళకు అవతల శ్రీహరికోట సరుగుడు తోపులు నల్లటి గీతలాగా కనిపించేవి. ఊరంతా ఒకటే వాసన: ఇసుకలో ఆరబోసిన ఎండురొయ్యలు, తడి వలలు, సరుగుడు పుల్లల పొగ. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కుకు పైట అడ్డం పెట్టుకునేవాళ్ళు. మాకు ఆ వాసన ఉంటేనే ఆకలి వేసేది. పొద్దున్నే సద్దన్నంలోకి ఎండురొయ్యల పొడి, పచ్చి ఎర్రగడ్డ. ఆ రుచి ముందు ఇప్పటి టిఫిన్లన్నీ బలాదూర్.

మగవాళ్ళు పడవలెక్కి లోపలికి పోయి వలలు వేసేవాళ్ళు. మోకాటి లోతు నీళ్ళు మాత్రం ఆడవాళ్ళవి. ఏడెనిమిది మంది వరుసగా నిలబడి, వంగి, రెండు చేతులూ బురదలోకి దించి వేళ్ళతో తడుముతూ ముందుకు జరిగేవాళ్ళు. బురదలో దాక్కున్న రొయ్య వేలికి తగిలీ తగలగానే పట్టేసేవాళ్ళు. నడుముకు తాడుతో కట్టిన సన్నమూతి తాటాకు బుట్ట వెనకే తేలుతూ వచ్చేది, అందులో పడేసేవాళ్ళు. వాళ్ళు నాలుగడుగులు వేసేసరికి నీళ్ళు టీ రంగుకు తిరిగిపోయేవి. కోడళ్ళ మీద చాడీలు, అత్తల మీద విసుర్లు, మధ్యలో నవ్వులు. వేళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగేవి కావు.

ఆ వరుసకు ఒక ముందు మనిషి ఉండేది. తేట నీళ్ళలో అందరికంటే ముందు నడిచి, నీళ్ళ రంగు చూసి, ఎక్కడ మెత్తటి బురద ఉందో, ఎక్కడ ఆలిచిప్పల దిబ్బ ఉందో కనిపెట్టి, ఎక్కడ వంగాలో చెప్పేది ఆమే. బురద ఉన్నచోట నీళ్ళు మసకగా ఉంటాయి, దిబ్బ ఉన్నచోట తెల్లగా తళుక్కుమంటాయి. ఆలిచిప్ప అంచు కొత్త బ్లేడులాంటిది. తెలియక చేయి పెడితే వారం రోజులు అన్నం కలుపుకోలేం.

ఆ ముందు మనిషి మా అవ్వ, మా నాయన తల్లి.

వరుసకు ఒక కట్టడి ఉండేది. చూపు ఆనని మనిషి నీళ్ళలోకి దిగకూడదు. ఒడ్డున కూర్చుని, వచ్చిన రొయ్యలను పెద్దవీ చిన్నవీ ఏరాలి. సాయంత్రం పంపకాల్లో ఆమెకు సగం పాలు. కక్షతో పెట్టిన కట్టడి కాదు, చిప్పలకు భయపడి పెట్టింది. సగం పాలు సంగతి అట్లా ఉంచండి. ఒడ్డున కూర్చున్న ఆడమనిషిని ఆ తరువాత ఎవరూ ఏదీ అడిగేవాళ్ళు కారు. గాలి ఎటు తిరుగుతుందని గానీ, రేపు ఏ పక్కకు పోదామని గానీ. పిలిచి గంజి పోసేవాళ్ళు, అంతే.

ఆ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో అవ్వ వంటలో తేడా వచ్చింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. నాయన చెంబెడు నీళ్ళు తాగి లేచాడు. ఒకరోజు బెల్లం అచ్చు కొరికి దొరికిపోయినందుకు అవ్వ నన్ను ఎదురుగా నిలబెట్టి తిడుతోంది. నేను అలవాటు ప్రకారం కొంచెం నాలుక బయటపెట్టాను. మామూలుగా అయితే గరిటె ఎగిరి రావాలి. రాలేదు. నాలుక ఇంకా చాచాను. కళ్ళు మెల్ల చేసి, ఇంకా దగ్గరికి పోయి వెక్కిరించాను. అవ్వ నా చెవి పక్కకు చూస్తూ తిడుతూనే ఉంది. నాలుక లోపలికి తీసుకునేసరికి నాకు ఏడుపొచ్చింది.

"అవ్వా, నీకు కనపడడంలేదా?"

అవ్వ తిట్లు ఆగిపోయాయి. నన్ను దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "ఎవురికన్నా చెప్పినావంటే నాలిక కోస్తా," అంది. కాసేపటికి మళ్ళీ తనే, "మంచు పట్టినట్టుండాది బిడ్డా. ఇంకా పూర్తిగా పోలా. చెప్పబాక. నన్ను ఒడ్డున కూసోబెడతారు," అంది. మా అవ్వ ఎవరినీ బతిమాలగా నేను అంతకుముందు వినలేదు.

అట్లా మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. పిల్ల పని నేర్చుకోవాలని నాయనకు చెప్పి, అవ్వ నన్ను బడి మాన్పించి తనతో తీసుకుపోయింది. చూసేవాళ్ళకు నేను బుట్ట పట్టుకునే పిల్లను. అసలు పని అవ్వ నడుముకు బుట్టను కట్టిన తాడుతో. దిబ్బ కుడిపక్క ఉంటే ఒకసారి లాగాలి. ఎడమపక్క ఉంటే రెండుసార్లు. ఎదురుగా ఉంటే గట్టిగా లాగి పట్టుకోవాలి. అవ్వ ఏమీ ఎరగనట్టు, నీళ్ళను అటూ ఇటూ పరకాయించి చూసి, "ఇట్ట పదండి మే," అని తిరిగేది. కాలికి బురద తగిలి చేతులు దించిందంటే ఇంక నాతో పనిలేదు. నీళ్ళు కలక బారాక అక్కడ ఎవరికి కనిపించేది మాత్రం ఏముంది? అందరికంటే ముందు అవ్వ బుట్టే నిండేది.

అవ్వ భయమంతా మా పెద్దమ్మ మీదే. పెద్దమ్మంటే అవ్వ పెద్దకోడలు, మా పెదనాయన భార్య. వరుసలో అవ్వ తరువాతి మనిషి. అవ్వ దిగిపోతే ఆ చోటు ఆమెది. పెద్దమ్మ గొంతు విప్పితే అవతల కొంగలు లేచిపోయేవి. ఆమె ఎప్పుడు అవ్వ మొహంలోకి చూసినా నేను మధ్యలోకి పోయి ఏదో ఒకటి అడిగేదాన్ని. మా అమ్మ చంటిబిడ్డతో ఇంటిపట్టునే ఉండేది కాబట్టి మా గుట్టు అవ్వకూ నాకూ మధ్యే నిలిచింది.

నెల రోజులు బాగా గడిచింది. నాకు గర్వం కూడా వచ్చింది. అంత పెద్ద ముందు మనిషిని తాడు కట్టి నడిపించేది నేనే కదా అని.

అప్పుడు మా బడి పంతులుగారు పిల్లలందరినీ రైల్లో బిట్రగుంట తీసుకుపోతున్నారని తెలిసింది. అక్కడ రైలింజన్లను ఒక పెద్ద పళ్ళెం మీద నిలబెట్టి గుండ్రంగా తిప్పుతారట. ఇంజను లోపల మంట కూడా చూపిస్తారట. నేను అవ్వ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒక్కరోజు జ్వరమని ఇంట్లో ఉండమన్నాను.

"ఒక్కదినం నేను రాకపోతే, ఎందుకు రాలేదని నా మొహంలోకి చూస్తారు. పొయ్యేది లేదు, గియ్యేది లేదు," అంది అవ్వ.

పిల్లలు పోయి వచ్చారు. మా పక్కింటిది చొక్కాకు అంటిన బొగ్గు మసి ఉతకనీయకుండా రెండు రోజులు ఊరంతా చూపించుకుని తిరిగింది. ఇంజను కూత వేసి చూపించింది. నాకు కడుపు మండిపోయింది.

ఆ మర్నాడు పొద్దున ఎండ బాగా కాస్తోంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అవ్వ ముందు నడుస్తోంది, వెనక బుట్ట పట్టుకుని నేను, కొంచెం ఎడంగా పెద్దమ్మ, మిగతావాళ్ళు. ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. దిబ్బ. నేను చూశాను. తాడు నా చేతిలోనే ఉంది. పది అడుగులు. అయిదడుగులు. నేను లాగలేదు.

కబుర్లలో పడి మిగిలిన ఎవరూ చూడలేదు. ముందు మనిషి ఉండగా ఎవరూ చూడరు కూడా. అవ్వ పాదం కింద చిప్ప కరకరమంది. తూలి, ఆపుకోవడానికి రెండు చేతులూ కిందికి ఆనించింది. ఆమెను పట్టుకోవడానికి పెద్దమ్మ ఒక్క దూకు దూకి తనూ పడింది. వెనకవాళ్ళు ఇద్దరు పాదాలు కోసుకున్నారు. నీళ్ళలో ఎరుపు పొగలాగా లేచింది.

అందరూ ఒడ్డుకు చేరారు. అవ్వ కుడి అరచేయి బొటనవేలి కింద నుంచి చీలిపోయింది. పెద్దమ్మ మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. ఎవరో పైట చింపి కట్లు కడుతున్నారు.

"ఏందత్తా ఇది? అంత తెల్లంగా కనపడతాండాది గదా దిబ్బ! నీకు కనపడలా?" అని కేకేసింది ఇంకో ఆమె.

పెద్దమ్మ మాత్రం నేల చూపులు చూస్తోంది. నేను బుట్ట వెనక దాక్కున్నాను. ఒక్క మాట చాలు. ఈ పిల్ల తాడు లాగలేదని అవ్వ అంటే చాలు, ఆ రోజు నా వీపు చీరేసేవాళ్ళు. అవ్వ మంచి చేత్తో తడుముకుంటూ నా తల వెతికి పట్టుకుంది. తల మీద చేయి పెట్టి చెప్పింది.

"నాకు కనపడదు మే. వానల నించీ కనపడలా. చెప్పకుండా దాచినా. తప్పు నాదే."

నన్ను కాయడానికి అవ్వ తన గుట్టంతా బయట పెట్టేసింది. తాడు మాట ఎత్తలేదు.

మర్నాటి నుంచి అవ్వ ఒడ్డున కూర్చుంది. పెద్దమ్మ ముందు మనిషి అయింది. అవ్వ చేతికి పసుపూ సున్నం కట్టు, ఒళ్ళో చేట, ఎడమచేత్తోనే రొయ్యలు ఏరేది. మొహం మాత్రం నీళ్ళవైపే. గంజి ఇస్తే తాగేది, లేకపోతే లేదు. నన్ను బడికి పంపేశారు. నేను కోరుకున్నది అదే. పలక మీద ఒక్క అక్షరం కుదిరితే ఒట్టు. ఇంటికొస్తే అవ్వ నన్ను తిట్టనైనా తిట్టేది కాదు. బెల్లం అచ్చు ఎదురుగా పెట్టుకుని నమిలినా తిట్టలేదు. అది నేను భరించలేకపోయాను.

మూడో రోజు సాయంత్రం పెద్దమ్మ ఇంటికి పోయాను. చేపల పులుసు ఉడుకుతోంది. మెంతుల వాసన, చింతపండు పులుపు వీధి మొగదాకా వస్తున్నాయి. నేను గుమ్మంలోనే నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాను. తాడు సంగతి, ఎన్నిసార్లు లాగాలో ఆ సంగతి, ఇంజను సంగతి, లాగకుండా ఉన్న సంగతి.

పెద్దమ్మ పులుసు కలుపుతూనే ఉంది.

"ఆమెకు చూపు ఆనడంలేదని నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

"వినాయక చవితి నించి. నన్ను పట్టుకుని మీ అమ్మనుకునింది. నాకే గాదు, అందరికీ తెలుసు."

"మరెందుకు చెప్పలా?"

"చెప్తే కూసోబెట్టాల గదా. చెప్పనంతసేపూ తెలవనట్టే. ఆ చేతులట్టాంటి చేతులు మాలో ఎవురికీ లేవు మే. కళ్ళతో ఏం పని అనుకున్నాం. మొన్న ఆమే అందర్లో నోరు తెరిచి చెప్పేసింది. విన్నాక విననట్టు ఎట్ట ఉండేది? ఆ ముందర నడిచేది నాకేం సరదాగా ఉండాదనుకున్నావా? మూడు దినాలుగా సగం బుట్ట నిండలా."

గరిటె పైకెత్తింది. కొడుతుందని కళ్ళు మూసుకున్నాను. నా అరచేతిలో రెండు చుక్కల పులుసు పోసి, "ఉప్పు చూడు," అంది.

మర్నాడు తెల్లవారి నన్ను రెక్క పట్టుకుని ఒడ్డుకు తీసుకుపోయింది. ఆడవాళ్ళందరూ ఉన్నారు. అవ్వ చేట ముందేసుకుని కూర్చుని ఉంది.

"దిబ్బ మీదికి నడిపించింది అత్త కాదు, ఈ పిల్ల. చూసి కూడా చెప్పలా," అంది పెద్దమ్మ, కొంగలు లేచే గొంతుతో. "అందుకని ఒడ్డున కూసోవాల్సింది ఇది. అత్తా, నువ్వు లే."

అందరూ నావైపే చూస్తున్నారు. అవ్వ లేవలేదు.

"పిల్ల సంగతి వదిలెయ్. నాకు కనపడదని చెప్పినా గదా. అదేం అబద్ధం కాదు గదా. కట్టడి కట్టడే."

కట్టడి పెట్టిన పాతతరంలో మిగిలిన మనిషి అవ్వే. ఆమెతో వాదించేదెవరు? పెద్దమ్మ చుట్టూ చూసింది. చీర మోకాళ్ళ పైకి దోపి, ధనధనా నీళ్ళలోకి పోయి, ఎద్దులాగా తొక్కడం మొదలుపెట్టింది. బురద తుంపర మొహం మీదికి ఎగిరింది.

"రాండి మే! తొక్కండి! దిబ్బ యాడుండాదో నేను చూసి చెప్తా. ఈడ లేదు. ఈడంతా కలిపేద్దాం. కలిపినాక మీకేమన్నా కనపడతాదా?"

"కనపడదు," అంది ఒకామె నవ్వుతూ, తనూ దిగింది.

"నీకు?"

"నాకూ కనపడదు!"

ఒకరి తరువాత ఒకరు అందరూ దిగారు. మనవళ్ళను ఎత్తిన ఆడవాళ్ళు, వానలో చిన్నపిల్లల్లాగా నీళ్ళు చిందించుకుంటూ తొక్కారు. తేట నీళ్ళు గోధుమ రంగుకు తిరిగి, చివరికి తమ మోకాళ్ళే తమకు కనిపించనంత చిక్కబడ్డాయి. పెద్దమ్మ మధ్యలో నిలబడి, ఆయాసపడుతూ, ఒడ్డు వైపు తిరిగింది.

"అత్తా, మాకెవురికీ కనపడడంలా. కట్టడి ప్రకారం అందరం ఒడ్డుకు రావాల. వచ్చేదా, నువ్వే దిగతావా?"

అవ్వ ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఎనుముల్లాగా తొక్కితే రొయ్యలన్నీ చెన్నపట్నం పారిపోతాయి," అని తిట్టింది. తిట్టి, చేట నా ఒళ్ళోకి తోసి, లేచింది.

ఆ శీతకాలం సెలవు రోజులన్నీ నేను ఒడ్డున కూర్చుని రొయ్యలు ఏరాను. చేతులు ఉప్పుకు పగిలి మండేవి. అంత సంతోషంగా శిక్ష అనుభవించిన పిల్ల మా ఊళ్ళో ఇంకొకతె ఉండదు. తల ఎత్తితే అవ్వ కనిపించేది. ఆమె పక్కనే పెద్దమ్మ నడిచి దిబ్బలు చూసుకునేది. తరువాత అందరూ నీళ్ళు కలిపేవాళ్ళు. అప్పుడు అవ్వ కట్టు విప్పిన చేతిని బురదలోకి దించి, ఒక్క క్షణం ఆగి, "ఈడ వంగండి," అనేది. ఎవరూ ఎందుకని అడగలేదు.

నేను అవ్వకు ఆ సంగతి నోటితో చెప్పుకున్నది చాలా రోజుల తరువాత. ఆమె పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూ, "నేను చూసి కూడా లాగలేదవ్వా," అన్నాను.

"నాకప్పుడే తెలుసు. ఎప్పుడూ బిగువుగా ఉండే తాడు ఆపొద్దు వదులైపోయింది. నువ్వు చూసి కూడా చెయ్యి ఆపుకున్నావని తెలిసింది," అంది. "నీ చదువు మాన్పించి నీ కళ్ళు అరువు తెచ్చుకున్నా. మొదటి తప్పు ఎవురిదే?" తరువాత, "చెప్పేసినాక దిగులు పోయిందిలే. దాచుకునేటప్పుడు ఎప్పుడు బయట పడతాదోనని అన్నం అరిగేది కాదు," అని నా చేతిలో పలుకులన్నీ లాక్కుని నోట్లో వేసుకుంది.

ఇప్పుడు ఆ సరస్సు ఒడ్డున రొయ్యల చెరువులు వచ్చాయి. చేతులతో తడిమేవాళ్ళు ఏ ఒకరో ఇద్దరో. కానీ నేను చూసినంత కాలం మా ఊళ్ళో కళ్ళు ఆనలేదని ఏ ఆడమనిషినీ మళ్ళీ ఒడ్డున కూర్చోబెట్టలేదు.

అవ్వ పోయిన చాలా ఏళ్ళకు, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, సెలవులకు ఇంటికి పోయాను. అప్పటికి పెద్దమ్మే ముందు మనిషి. ఒకరోజు పొద్దున వరుస నీళ్ళ దగ్గరికి చేరగానే ఆమె ఆగింది. చేయి అడ్డం పెట్టుకుని నీళ్ళను చూసింది. మళ్ళీ చూసింది. ఒక్క రోజు కూడా దాచలేదు. తడుముకోలేదు, తల దించుకోలేదు. ఊరికంతా వినపడేట్టు కేకేసింది.

"నాకు కనపడడంలేదు మే! తొక్కండి!"

నవ్వుతూ అందరూ నీళ్ళలోకి దూకారు. నేను ఉద్యోగానికి కొనుక్కున్న కొత్త చీర మోకాళ్ళ పైకి దోపుకుని, అందరికంటే గట్టిగా తొక్కాను.